జిగురు ఆరేదాకా

కుర్చీ విరిగిన చప్పుడు కంటే పెద్ద మేస్త్రి కింద పడ్డ చప్పుడే గట్టిగా వినిపించింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొత్తదైనా, రిపేరుకొచ్చిన పాతదైనా, ఏ కుర్చీ బయటికి పోవాలన్నా ముందు పెద్ద మేస్త్రి దాని మీద కూర్చుని ఒక గ్లాసు టీ పూర్తిగా తాగాలి. మనిషి ఏనుగంత. టీ అయ్యేదాకా కుర్చీ కిక్కురుమనకపోతే పాసయినట్టు. ఆ రోజు సగం గ్లాసు దగ్గరే కుర్చీ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకీ చాపేసింది. మేస్త్రి నేల మీద చతికిలపడ్డాడు కానీ, గ్లాసు పట్టుకున్న చెయ్యి మాత్రం పైకెత్తే ఉంచాడు. చుక్క ఒలకలేదు.

"ఎవరైనా నవ్వారో, చంపేస్తా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. కుషన్లు కుట్టే అక్క నోట్లో దారం పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అంతకు ముందు వారమే పనిలో చేరిన కార్పెంటర్ పరుగున వచ్చాడు. మేస్త్రిని లేపడం మానేసి, ఊడిన కుర్చీ కాలు చేతిలోకి తీసుకుని చూడసాగాడు. కాలు చివర నాలుకలా చెక్కే ముక్కని కుసి అంటారు. అది రెండో చెక్కలోని బెజ్జంలో దూరి, జిగురుతో పట్టుకుంటేనే కుర్చీ నిలబడుతుంది. అతను ఆ కుసిని బొటనవేలితో రుద్దాడు. అద్దంలా తళతళలాడుతోంది.

"దీని మీద పాలిష్ ఎవరు వేశారండీ?"

షెడ్డు మొత్తానికి పాలిష్ వేసేది ఒక్కతే. కిటికీ పక్కన కూర్చుని, లక్కలో ముంచిన గుడ్డ ఉండతో చెక్కని గుండ్రంగా గుండ్రంగా రుద్దుతూ ఉంటుంది. ఆమెకి ఇరవయ్యారేళ్ళు. అయినా అందరూ పాలిషమ్మ అనే పిలుస్తారు.

"నేనే," అంది.

"జిగురు పట్టుకోవాల్సింది అక్కడేనండీ! చెక్క ఉత్తగా ఉండాలి. దాని మీద పాలిష్ పూస్తే ఇంకేం పట్టుకుంటుంది? ఆముదం రాసుకుని చెట్టెక్కమన్నట్టుంది."

"కాగితం చుట్టి ఇవ్వాల్సింది మీరు."

"నేనా?"

"పాత కార్పెంటర్ కుసిలన్నిటికీ కాగితం చుట్టి ఇచ్చేవారు. చుట్టలేదంటే పూయమన్నట్టే అనుకున్నాను. కుర్చీ బిగించాక ఆ సందుల్లోకి నా గుడ్డ వెళ్ళదు. అందుకే ముక్కలుగా ఉన్నప్పుడే పూస్తాను."

"మా ఇంట్లో పాలిష్ వేసేవాళ్ళే చుట్టుకుంటారు."

"ఇది మీ ఇల్లు కాదుగా."

అతను చేతిలోని కుర్చీ కాలుని నేల మీద పెట్టేశాడు. ఆ మాటకి ఆమే ఆశ్చర్యపోయింది. అంత పొడుగు మాటలు ఆ షెడ్డులో ఎప్పుడూ మాట్లాడలేదు తను.

"బాగుంది వరస," అన్నాడు మేస్త్రి కింద నుంచే. "ఈవిడ చుడుతుందని ఆయన, ఆయన చుడతాడని ఈవిడ. మీ ఇద్దరి మధ్యా నా నడుం జాయింటు జారిపోయింది. ముందు నన్ను లేపండి!"

* * *

ఆ మధ్యాహ్నం టీ దగ్గర అతను రాజీకి వచ్చాడు. పాత న్యూస్ పేపరు సన్నగా పట్టీలుగా చించి, కట్టగా చుట్టి, ఆమె బల్ల అంచున పెట్టాడు.

"ఇకనుంచి నేనే చుట్టి ఇస్తానండీ. కోపం పోయిందా?"

"నాకు కోపం రాలేదు."

"మరి కిటికీ వైపు చూసి మాట్లాడుతున్నారేం? కిటికీకి కోపం వచ్చిందా?"

కుషనక్క పకపకా నవ్వింది. ఆవిడకి ఎవరి కబుర్లు దొరికినా కావాలి, కానీ తన కబుర్లు చెప్పడంలో పడి ఎదుటివాళ్ళని అడగడమే మర్చిపోతుంది. ఆ రోజు మాత్రం అడిగింది. "మీ ఇంట్లో అని తెగ చెప్తున్నావు. ఎంతమంది మీరు?"

"పద్దెనిమిది మంది. తాతలనాటి నుంచి అందరూ చెక్క పనే. నాన్న, పెదనాన్నలు, బాబాయిలు, వాళ్ళ పిల్లలు, అందరి మీదా మా నాయనమ్మ. జాయింట్ ఫ్యామిలీ."

"జాయింట్లు చెక్కే పని, జాయింట్ ఫ్యామిలీ. ఇంక నీకు వేరే పేరెందుకు నాయనా?"

అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. సాయంత్రానికి మేస్త్రి కూడా, "ఒరే జాయింటూ, ఆ ఉలి ఇటియ్యి," అనేశాడు.

ఆ మాట షెడ్డులో ముందే బాగా అరిగిన మాట. మేస్త్రి మోకాలు నొప్పెడితే జాయింటు. కప్పు రేకుల మధ్య వాన కారితే జాయింటు. మోటారు వైరు మాడితే జాయింటు. రెండు కలిసే చోటుకి ఆ పేరు. అయినా అది ఊడినప్పుడే అందరూ దాని పేరెత్తుతారని, బాగున్న జాయింటు ఊసు ఎవరికీ పట్టదని, కిటికీ పక్కన కూర్చుని ఆమె ఎప్పుడో గమనించింది. అలాంటివి చాలా గమనిస్తుంది. చెప్పడానికే ఎవరూ ఉండరు.

"మరి మీ ఇంట్లో ఎంతమందండీ?" అన్నాడు జాయింట్, ఆమె వైపు తిరిగి.

ఆమె చేతిలోని గుడ్డ ఆగింది.

"అమ్మా, నేనూ," అంది.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. పక్కనే ఉన్న పెద్ద మేస్త్రి టీ గ్లాసులోంచి తల ఎత్తాడు. ఒక్క క్షణం ఆమెని చూశాడు. మళ్ళీ టీలోకి చూసుకున్నాడు.

* * *

అమ్మ పోయి రెండేళ్ళు దాటింది.

మేడ మీద ఒక్క గది. ఒక స్టవ్వు, ఒక మంచం, కిటికీ దగ్గర రెండు కుర్చీలు. ఒకటి ఆమెది. రెండోది అమ్మది. పొడుగు వీపు, అరిగిన చేతులు, వెనక జాయింట్లు వదులు. అమ్మ అందులోంచి లేచినప్పుడల్లా కిర్రుమనేది. వంట దగ్గర వీపు తిప్పుకుని ఉన్నా సరే, ఆ చప్పుడు వింటే అమ్మ లేచిందని తెలిసేది. "ఆఁ, వస్తున్నానమ్మా," అనేది ఈమె.

ఇప్పుడు అందులో ఎవరూ కూర్చోరు. కానీ ఎండ తగ్గి గాలి చల్లబడే వేళకి ఎండిన చెక్క దానంతటదే సర్దుకుంటుంది. కిర్రు.

"ఆఁ, వస్తున్నానమ్మా," అంటుంది స్టవ్వు దగ్గర నుంచి. తర్వాత గదిలో ఇంకేం వినపడదు. గిన్నె మీద మూత ఎగిరే చప్పుడు, కింద వీధిలో ఎవరో ఎవరినో పిలిచే చప్పుడు. ఆ పిలుపు తనకి కాదని తెలిసినా కిటికీలోంచి ఒకసారి చూస్తుంది.

కుర్చీలు బాగుచేసే చోట పనిచేస్తూ ఇంట్లో వదులు కుర్చీ పెట్టుకోవడం ఏమిటని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఉంటే ఏం చెప్పాలో కూడా ఆమెకి తెలీదు. బాగుచేస్తే ఆ చప్పుడు పోతుంది. అంతే.

మర్నాడు పొద్దున జాయింట్ చెక్కపొట్టు దులుపుకుంటూ వచ్చి అడిగాడు. "అమ్మగారు ఎలా ఉన్నారండీ?"

రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"బాగానే ఉంది. మోకాళ్ళే కొంచెం..."

"కీళ్ళ నొప్పులా? మా నాయనమ్మకీ అంతే. వేడినీళ్ళ కాపడం పెట్టమనండి. మెట్లెక్కి దిగడం తగ్గించమనండి."

"చెప్తే వినదు."

"ఎవరి అమ్మ మాత్రం వింటుంది?"

అలా మొదలైంది. రోజూ పొద్దున అతను అడుగుతాడు, రోజూ ఈమె చెబుతుంది. అమ్మకి టీలో చక్కెర ఎక్కువ కావాలి. అమ్మ కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. ఎదురింటి పిల్లి అమ్మ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ జరిగినవే. తేదీలే పాతవి.

ఆ ప్రశ్న కోసం ఆమె పనికి కాస్త ముందే రావడం మొదలుపెట్టింది. జడ గట్టిగా కాకుండా కొంచెం వదులుగా వేసుకోవడం కూడా. కుషనక్క అది కనిపెట్టి, "ఏం పాలిషమ్మా, ఈమధ్య నీకే పాలిష్ పడుతోందే!" అంది. ఆమె చెవులు లక్క రంగుకి తిరిగాయి.

బదులుగా ఆమె కూడా అతని ఇంటి సంగతి ఏదో ఒకటి అడిగేది. ఒకరోజు కుసిలకి కాగితం చుడుతూ అతను నవ్వుతూనే చెప్పాడు.

"మా ఇంట్లో వడ్డించేవాళ్ళు ఆరుగురండీ. అయినా నేను చాలాసార్లు తినకుండానే పడుకున్నాను. పెద్దమ్మ పెట్టుంటుందని పిన్ని, పిన్ని పెట్టుంటుందని అమ్మ. ఎవరి తప్పూ లేదు."

"ఆకలేస్తోందని మీరు అడగొచ్చుగా?"

"అడగొచ్చు. అడక్కుండా ఎవరైనా అడుగుతారేమోనని చూసేవాణ్ణి." మళ్ళీ నవ్వాడు. "జనం మధ్య ఒంటరిగా ఉండటం కంటే, ఒంటరిగా ఒంటరిగా ఉండటమే నయమని ఇక్కడికొచ్చాను. కానీ గదిలో ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. మీకు తెలీదులెండి, మీకు అమ్మగారున్నారు."

ఆమె గుడ్డని లక్కలో ముంచి, అవసరం లేకపోయినా గట్టిగా పిండింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట అతని బల్ల దగ్గర ఆగి, "తిన్నారా?" అని అడిగేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ కాదు. అతను తిన్నానో లేదో చెప్పేవాడు. లేదంటే ఆమె అక్కడే నిలబడేది, అతను డబ్బా తెరిచేదాకా.

* * *

వానలు మొదలయ్యాయి. చెక్క ఉబ్బింది. షెడ్డు తలుపు మూసుకోవడం మానేసింది. సొరుగులన్నీ అలిగిన కోడళ్ళలా బిగుసుకుపోయి కూర్చున్నాయి. జాయింట్ ఒక్కొక్కదాన్నీ చిత్రిక పట్టి బుజ్జగిస్తున్నాడు.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయే వేళ అతను చేతులు వెనక పెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇది మీకు కాదు. అమ్మగారికి."

చిన్న కాళ్ళపీట. మిగిలిన ముక్కలతోనే చేశాడు కానీ, మూలల్లో రెండు చెక్కలూ వేళ్ళలో వేళ్ళు పెట్టుకున్నట్టు ఒకదానిలోకి ఒకటి దిగి ఉన్నాయి. ఎక్కడా మేకు లేదు.

"కుర్చీలో కూర్చున్నప్పుడు దీని మీద కాళ్ళు పెట్టుకుంటే మోకాళ్ళకి సుఖంగా ఉంటుంది. పాలిష్ వెయ్యలేదు. అది మీ డిపార్ట్‌మెంట్."

ఆమె పీటని రెండు చేతులతో పట్టుకుంది. ఏదో అనాలి. చెక్కలు కలిసిన చోట వేలితో తడిమింది.

"వాన పెద్దదయ్యేట్టుంది, పదండి," అన్నాడతను గొడుగు తెరుస్తూ. అది పేరుకే గొడుగు. ఒక ఊచ విరిగి ఒకవైపు వాలిపోయింది. ఆ వాలిన వైపు అతను నడిచాడు. నడిచినంతసేపూ అతని ఎడమ భుజం మీద నీళ్ళు ధారకట్టి కారాయి.

"ఇటు రండి, తడుస్తున్నారు," అంది.

"ఇటు వస్తే మీరు తడుస్తారు."

"నేను చెక్కని కాదు, ఉబ్బిపోను."

"ఉబ్బిపోతే చిత్రిక పడతాలెండి."

ఆమె నవ్వింది. రోడ్డు మీద నవ్వి ఎన్నాళ్ళయిందో. మెట్ల దగ్గరికి రాగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఒక్క నిమిషం పైకొచ్చి అమ్మగారిని పలకరించి వెళ్ళనా?"

"అమ్మ నిద్రపోతోంది."

అతను తలెత్తి చూశాడు. కిటికీ చీకటిగా ఉంది. "ఈ వేళప్పుడా? లైటు కూడా లేదే."

"లైటుంటే నిద్ర పట్టదు."

"అయితే ఇంకో రోజు," అని గొడుగు ఆమె చేతిలోనే పెట్టి వానలో పరుగెత్తాడు. ఆమె మెట్లెక్కి, ఉబ్బిన తలుపుని భుజంతో నెట్టి, చీకట్లోనే పీటని అమ్మ కుర్చీ ముందు పెట్టింది. తన కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయింది. వాన తడికి కుర్చీ కూడా బిగుసుకుందేమో, ఆ సాయంత్రం అది పలకలేదు.

* * *

శుక్రవారం అతను ఉలిని అవసరం లేకపోయినా మూడుసార్లు నూరాడు. తర్వాత ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒక మాటండీ. ఎల్లుండి ఆదివారం మా నాయనమ్మ వస్తోంది."

"ఇక్కడికా?"

"ఇక్కడికి కాదు. మీ ఇంటికి." చెవి వెనక పెన్సిల్ తీసి మళ్ళీ చెవి వెనకే పెట్టుకున్నాడు. "మీ అమ్మగారితో మాట్లాడటానికి. మీకు ఇష్టమైతేనే. నేను మాటలు తెలిసినవాణ్ణి కాదు... అంటే, తెలిసినవాణ్ణే, ఇప్పుడు రావడంలేదు. రోజూ మధ్యాహ్నం ఎవరో ఒకరు తిన్నావా అని అడిగితే బాగుంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎవరో ఒకరు కాదు, మీరే అడగాలని ఇప్పుడు తెలిసింది."

షెడ్డులో కుట్టు మెషిన్ ఆగింది. కుషనక్క ఊపిరి కూడా ఆగినట్టుంది.

ఆమెకి ఒక్కసారిగా అంతా కళ్ళ ముందు కనిపించింది. నాయనమ్మ మెట్లెక్కి వస్తుంది. తలుపు తెరుస్తుంది. ఖాళీ కుర్చీ. దాని ముందు పీట.

"వద్దు," అంది.

"నాయనమ్మ రావడమా? పోనీ నేనొక్కణ్ణే వచ్చి..."

"ఎవరూ రావద్దు. దయచేసి."

అతని మొహంలో ఏదో మెల్లగా మూసుకుంది. "అమ్మగారికి ఇష్టం ఉండదా? మీకా?"

ఆమె నోరు విప్పింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళ మోకాళ్ళ నొప్పులు, కళ్ళద్దాలు, పిల్లి, అన్నీ దాని కాళ్ళకి చుట్టుకున్నాయి. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"సరేలెండి," అన్నాడు. "పట్టని చోట ఎంత బిగించినా చెక్క విరుగుతుందే తప్ప జాయింటు నిలవదు. ఈ నెలాఖరుకి మా వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోతాను."

ఆ మధ్యాహ్నం ఆమె అతని బల్ల దాకా వెళ్ళి, అడగకుండానే వెనక్కి వచ్చింది. మూత తీయని డబ్బా అతని పక్కన అలాగే ఉంది.

శనివారం పొద్దున అతను తలెత్తలేదు. "అమ్మగారు ఎలా ఉన్నారండీ?" అన్న మాట వినపడలేదు. ముందు రోజు దాకా అమ్మ మోకాళ్ళ నొప్పులతో, చక్కెర ఎక్కువైన టీతో, పిల్లితో మేడ మీద బతికే ఉంది. ఆ పొద్దున మళ్ళీ పోయింది. ఈసారి పలకరించడానికి కూడా ఎవరూ రాలేదు.

బల్ల మీద కొత్త కుర్చీ ముక్కలు పేర్చి ఉన్నాయి. మాట ఆపినా, కాగితం చుట్టడం మాత్రం అతను ఆపలేదు. ప్రతి కుసికీ చక్కగా చుట్టి, చివర లోపలికి మడిచి ఉంది. ఒక్కదానికి కొంచెం ఊడింది. ఆమె దాన్ని సరిచేయబోయి, కింద ఉన్న ఉత్త చెక్కని వేలితో తాకింది. గరుకుగా ఉంది. అందం లేదు. ముల్లు గుచ్చుకునేలా ఉంది. పట్టుకునేది ఆ చోటే.

గుడ్డ పక్కన పెట్టి లేచింది.

"మేస్త్రిగారూ, ఒక గంట ఇంటికెళ్ళి వస్తాను."

"వెళ్ళు తల్లీ," అన్నాడు మేస్త్రి, ఎందుకని అడగకుండా.

* * *

జల్లు పడుతోంది. ఆమె కుర్చీని బోర్లించి తల మీద పెట్టుకుని, రెండు చేతులతో కాళ్ళు పట్టుకుని నడిచింది. దారిలో జనం తప్పుకుంటూ చూశారు. కుర్చీ ప్రతి అడుగుకీ తల మీద కిర్రుమంటూనే ఉంది, ఏమిటే ఈ మోత, ఎక్కడికే, అన్నట్టు.

తిన్నగా అతని బల్ల ముందు దించింది.

"ఇది బాగుచెయ్యాలి."

అతను కుర్చీని పట్టుకుని ఊపి చూశాడు. "జాయింట్లన్నీ వదులు. ఎవరిది?"

"అమ్మది."

"మరి ఇది బాగయ్యేదాకా అమ్మగారు దేనిమీద కూర్చుంటారు?"

ఆమె తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"కూర్చోదు. అమ్మ లేదు. పోయి రెండేళ్ళయింది."

కుట్టు మెషిన్ ఆగింది. వాన రేకుల మీద పడుతూనే ఉంది. అతను కుర్చీ వీపు మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"నేను రోజూ అడిగాను కదండీ," అన్నాడు మెల్లగా. "రోజూ. మా నాయనమ్మకి ఫోన్ చేసి మరీ మోకాళ్ళకి ఏం చెయ్యాలో కనుక్కున్నాను. ఆ పీట కొలత కోసం ఆవిడ కాళ్ళు కొలిపించాను. పిచ్చోణ్ణి చేశారు నన్ను."

"అవును."

"ఎందుకు?"

"మొదటిరోజు ఊరికే నోరు జారింది. రెండోరోజు మీరు అడిగారు, ఎలా ఉన్నారని." ఆమె కుర్చీని రెండో వైపు పట్టుకుంది. "నిజం చెప్తే మీరు అయ్యో అంటారు. మర్నాటి నుంచి అడగడం మానేస్తారు. నన్ను ఎవరూ ఏమీ అడగరండీ. అది ఒక్కటే... అది పోతుందని చెప్పలేదు."

అతను కుర్చీ వైపు తిరిగాడు. కోపం ఇంకా మొహంలో ఉంది, కానీ దాని కింద నుంచి ఇంకేదో పైకి వస్తోంది. ఆరుగురు వడ్డించే ఇంట్లో ఆకలితో పడుకున్న పిల్లాడెవరో ఆ కళ్ళలోంచి చూశాడు.

"మేస్త్రిగారూ, మీకు తెలుసా?" అన్నాడు.

"పనిలో చేరిన రోజే చెప్పింది."

"మరి ఒక్కసారైనా నాతో అనలేదే!"

"ఏమనమంటావురా? ఆ పిల్ల మొహం రోజు మొత్తంలో వెలిగేది ఆ ఐదు నిమిషాలే. నన్ను దీపం ఆర్పమంటావా?" మేస్త్రి ముక్కు చీదాడు. "ఆ చెక్కపొట్టు ఒకటి, కళ్ళలో పడి చస్తోంది."

జాయింట్ కొయ్య సుత్తి అందుకున్నాడు. వెంటనే దించలేదు.

"ఇది బాగుచెయ్యాలంటే మొత్తం ఊడదీయాలి. పాత జిగురు గీకెయ్యాలి. కొత్తగా బిగించాక ఈ కిర్రుమనే చప్పుడు ఉండదు. ఆలోచించుకోండి."

ఆమె రెండేళ్ళలో మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది. అరిగిన చేతుల మీద చేతులు పెట్టుకుంది. తర్వాత లేచింది, మోకాళ్ళ నొప్పులున్న మనిషి లేచినట్టు, నెమ్మదిగా.

కిర్రు.

"ఊడదీయండి," అంది.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పాత జిగురు గీకారు. కుసిలన్నీ ఉత్తగా, తెల్లగా బయటపడ్డాయి. చివరికి జిగురు పూసి, జాయింట్లు కలిపి, చెక్కల్ని అదిమి పట్టే క్లాంపులు బిగించాడు. అన్నిచోట్లా పూశాడు కానీ, వీపు మధ్యలో ఉండే సన్నపట్టీ దగ్గరికి వచ్చేసరికి చేతిలోని బ్రష్షు ఆగింది. ఆ పట్టీని అలాగే ఉత్తగా గాడిలోకి జార్చాడు. ఆమె చూసింది, కార్పెంటర్ పని కదా అని ఊరుకుంది.

"ఇంక ఆరేదాకా దాన్నెవరూ ముట్టుకోకండి," అన్నాడు మేస్త్రి. "మాట్లాడుకోండి, పోట్లాడుకోండి, క్లాంపు జోలికి మాత్రం పోవద్దు."

ఆమె చేతులు తుడుచుకుంటూ నిలబడింది. "తిన్నారా?" అంది.

"నిన్నటి నుంచీ లేదు," అన్నాడతను.

ఆమె తన డబ్బా తెరిచి మధ్యలో పెట్టింది. సగం అయ్యాక అడిగింది. "నాయనమ్మగారికి రావద్దని చెప్పేశారా?"

"ఆవిడకి వద్దని చెప్పే మగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు."

"అయితే... రమ్మనండి. కానీ ముందే చెప్పండి, అమ్మ లేదని."

"నువ్వే చెప్పు," అన్నాడు. అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అన్నాడని ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఇద్దరూ డబ్బాలోకి చూసుకున్నారు.

* * *

ఆదివారం సెలవైనా మేస్త్రి షెడ్డుకి వచ్చి, అమ్మ కుర్చీలో కదలకుండా కూర్చుని గ్లాసు టీ తాగి, "పాసు," అన్నాడు.

జాయింట్ దాన్ని భుజాన వేసుకుని మేడ మెట్లెక్కాడు. వెనక నాయనమ్మ, మెట్టు మెట్టుకీ ఆగి, "ఒరే, నా కీళ్ళు నీ కుర్చీ కంటే పాతవిరా, నన్నెవరు మోస్తారు?" అంటూ ఎక్కుతోంది.

తలుపు తెరుచుకోగానే అతని నోట్లోంచి అలవాటుగా ఆ మాట జారింది. "అమ్మగారు ఎలా ఉన్నారండీ?"

అని నాలుక కరుచుకున్నాడు.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్ళు నిండాయి, పెదవులు మాత్రం నవ్వాయి. "బాగుంది. మిమ్మల్ని మెట్ల మీద నిలబెట్టవద్దంది. లోపలికి రండి."

నాయనమ్మ గదంతా ఒకసారి చూసింది. ఒక స్టవ్వు, ఒక మంచం, ఒకే కుర్చీ, పక్కన ఖాళీ చోటు, ఆ చోటు ముందు పీట.

"ఒక్కదానివే ఉంటున్నావా తల్లీ?"

ఆమె ఈసారి కిటికీ వైపు తిరగలేదు. "అవునండీ. ఒక్కదాన్నే. అమ్మ లేదు."

నాయనమ్మ అయ్యో అనలేదు. మనవడు కుర్చీ దించగానే అందులో కూర్చుని, కాళ్ళు పీట మీద పెట్టుకుంది. ఆవిడ కాళ్ళకే కొలిచి చేసింది కదా, సరిగ్గా సరిపోయింది.

"మీ అమ్మ ఎలా ఉండేది? చెబుదువుగాని. ముందు కాస్త టీ పెట్టు. నాకు చక్కెర ఎక్కువ వెయ్యి, ఈ వెధవ చూడకుండా."

ఆమె స్టవ్వు దగ్గరికి వెళ్ళి వీపు తిప్పుకుని నిలబడింది. నీళ్ళు మరుగుతున్నాయి. వెనక నాయనమ్మ సుఖంగా వెనక్కి వాలింది.

కిర్రు.

"ఆఁ, వస్తున్నానమ్మా," అంది ఆమె.

అని, కొయ్యబారిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. జాయింట్ కిటికీ దగ్గర నిలబడి, చెవి వెనక పెన్సిల్ సర్దుకుంటున్నాడు.

"వీపు పట్టీకి బరువుండదు," అన్నాడు, ఎటో చూస్తూ. "దానికి జిగురు పెట్టలేదు. అది కదులుతూ ఉన్నా కుర్చీకి ఏం కాదు."

అదేమీ పట్టని నాయనమ్మ మాత్రం, పిలిచిందీ తననే, పలకాల్సిందీ తనే అనుకుంది.

"నిదానంగా రా తల్లీ," అంది. "నేనెక్కడికీ పోనులే."